వృత్తి: హౌస్‌వైఫ్

పోయిన వారం నన్ను నేను మందుల షాపు మెట్ల మీద వదిలేశాను. చేతిలో ప్రెగ్నెన్సీ కార్డులు రెండు, ఎదురుగా ఆస్పత్రి, దాని మూడో అంతస్తులో మహాదేవి. ఈ కథ మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. అంతకంటే నిదానంగా చెప్పే ఓపిక నాకు లేదు.

నా పేరు శివజ్యోతి. కర్నూలులో ఒక ప్రైవేటు ల్యాబులో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌ని. మహాదేవి పత్తికొండ పక్క పల్లె కోడలు. ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయి నాలుగేళ్ళు, ఇంకా పిల్లల్లేరు. శ్రావణంలో నెల తప్పిందని కర్నూలుకు వస్తే ఆస్పత్రివాళ్ళు రక్తం తీసి మాకు పంపారు. బీటా హెచ్‌సీజీ అనే ప్రోటీను ఎంత ఉందో చూడమన్నారు. కడుపు పడితే రక్తంలో పెరిగేది అదే. గర్భం తాలూకు మాయలో పుట్టే ఒక రకం క్యాన్సరు కూడా అదే ప్రోటీనును తయారుచేస్తుంది. గర్భం లేని మనిషికి అది లేనట్టే ఉండాలి. మహాదేవికి మూడు వందల తొంభై వచ్చింది. స్కానింగులో చూస్తే గర్భసంచి ఖాళీ. లోపల ముక్కలేవో మిగిలాయని కడిగారు. అంకె తగ్గలేదు. అప్పుడు క్యాన్సరన్నారు. రెండు విడతలు మందు ఎక్కించారు. పిల్ల నోరంతా పుండ్లు పడి గంజి కూడా మింగలేకపోయింది గానీ అంకె మాత్రం నాలుగు వందల పన్నెండుకు పోయింది. మందు పనిచేయడం లేదు, గర్భసంచి తీసేద్దామన్నారు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్. ఈ అంకెలన్నీ చెప్పింది మా మెషీను. ప్రతి కాగితం కింద ఒక సంతకం నాది, ఒకటి మా డాక్టరుగారిది.

ఇక కార్డు సంగతి. ఆ పొద్దున్నే మహాదేవి లేచీ లేవగానే మూత్రం సీసాలో పట్టించి, కార్డు మీద మూడు చుక్కలు వేశాను. మూత్రంలో ఆ ప్రోటీను పాతిక ఉన్నా చాలు, రెండో గీత కనబడుతుంది. రక్తంలో నాలుగు వందలున్న మనిషికి టక్కున రావాలి. ఐదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు చూశాను. ఒకటే గీత. కార్డు చెడిపోయిందేమోనని ల్యాబుకు తిరిగి వచ్చి, అప్పుడే వచ్చిన మూడో నెల గర్భిణి మూత్రం రెండో కార్డు మీద వేశాను. నిమిషం తిరక్కుండానే రెండు గీతలూ పడ్డాయి.

అప్పుడు ఫ్రిజ్‌లో దాచిన మహాదేవి సీరం తీశాను. ఎవరినీ అడగలేదు. దాన్ని సగానికి పలచన చేసి ఒకటి, పావుకు చేసి ఒకటి, అరపావుకు చేసి ఒకటి మెషీన్లో పెట్టాను. మజ్జిగలో ఎన్ని నీళ్ళు పోస్తే అంత పలచబడాలి కదా. నాలుగు వందల పన్నెండు సగానికి రెండు వందల ఆరు కావాలి, పావుకు నూట మూడు, అరపావుకు యాభై చిల్లర. వచ్చిందేమిటంటే మూడు వందల ఎనభై ఎనిమిది, మూడు వందల నలభై, ఆ తర్వాత ఒక్కసారిగా పదకొండు. నిజంగా రక్తంలో ఉన్న వస్తువు అట్లా గంతులు వేయదు.

లేనిదాన్ని మెషీను ఉందని చెప్పింది. మేం నమ్మి రాశాం. ఆ రాతకు ఒక పిల్ల నోరు కాలిపోయింది.

ఆ కాగితం ప్రింటరులోంచి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో అప్పటికి తెలియదు. తలుపు కొట్టకుండా మా డాక్టరుగారి గదిలోకి పోయాను.

డాక్టర్ అవినాష్‌ని చెడ్డవాడని అనను. వాళ్ళ నాన్నకు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, మా ల్యాబు నేలంతా ఆ బండలే. కొడుకు మాత్రం బాగా చదువుకున్నాడు. స్లైడు చూస్తే ఆయన కన్ను తప్పదు. కానీ ఆ పెద్ద మెషీను వచ్చినప్పటినుంచీ ఆయన స్లైడు తక్కువ చూస్తాడు, తెర ఎక్కువ చూస్తాడు.

"సార్, మహాదేవి రిపోర్టు వెనక్కి తీసుకోవల్ల," అన్నాను.

తల ఎత్తలేదు. "యే మహాదేవి?"

"మన కాగితం చూసి రేపు పొద్దున గర్భసంచి తీసేస్తాండారే, ఆ మహాదేవి."

అప్పుడు తల ఎత్తాడు. బల్ల మీద కార్డులు రెండూ పక్కపక్కన పెట్టాను. ఆయన వాటిని వేలితో కూడా ముట్టుకోలేదు.

"ఇదేంది జ్యోతీ, మెడికల్ షాపు కార్డా? బయట అంత పెద్ద మెషీన్ పెట్టుకొని నా కాడికి కార్డు పట్టుకొచ్చినావా?"

"మెషీన్ తప్పు చెప్తాండాదని పట్టుకొచ్చినా."

"మూడుసార్లు రిపీట్ చేసినాం. నువ్వే చేసినావు. మూడుసార్లూ అదే వచ్చె కదా."

"అదే మెషీన్లో, అదే కిట్టుతో చేసినాం సార్. రాక ఏమొస్తాది?"

ఇది మా ల్యాబులో పెద్ద ఘనకార్యం, రిపీట్. ఎవరైనా డాక్టరు ఫోన్ చేసి ఇదేంటి ఇట్లా వచ్చిందంటే, అదే రక్తం అదే మెషీన్లో మళ్ళీ పెడతాం. అదే అంకె వస్తుంది. కాగితం మీద 'మళ్ళీ సరిచూడబడినది' అని ముద్ర గుద్దుతాం. ఆ ముద్ర పడ్డాక ఇంకెవరూ నోరెత్తరు. మహాదేవి కాగితాల మీద ఆ ముద్ర మూడుసార్లు గుద్దిన చెయ్యి నాదే.

"నీళ్ళు బాగా తాగింటాది," అన్నాడాయన. "మూత్రం పల్చగుంటే కార్డుకు అందదు."

"లేచీ లేవంగానే పట్టిచ్చినా. పసుప్పచ్చగా చిక్కగుండాది. ఆ నోటితో నీళ్ళు యాడ తాగుతాది సార్? గుటక పడ్తే కదా?"

పలచన చేసిన అంకెల కాగితం ముందుకు తోశాను. దాన్ని చదివాడు. మూడో అంకె దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు. ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. విషయం ఆయనకు అప్పుడే అర్థమైంది. నాకంటే బాగా అర్థమై ఉంటుంది. కాగితం కింద పెట్టి ఆయన అడిగిన మొదటి మాట ఏమిటో చెప్తే మీరు నమ్మరు.

"ఎవురిని అడిగి ఈ టెస్టులు పెట్టినావు?"

పదకొండేళ్ళలో నేను ఆ గదిలో గొంతు ఎత్తలేదు. అప్పుడు ఎత్తాను. "ఆ యమ్మి కడుపు కోసేకి ఎవురిని అడిగినారు సార్?"

బయట కౌంటరు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆయన లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించి, పాఠం చెప్పే ధోరణిలోకి దిగాడు.

"సరే. యాంటీబాడీ అడ్డం పడిందనుకుందాం. అట్ల జరుగుతాది, నేను కాదన్ను. కానీ లచ్చమందిలో ఎవురికో జరిగేది."

ఆ అడ్డం పడటమేమిటో చెప్పాలి. మా కిట్టులో రెండు రకాల యాంటీబాడీలు ఉంటాయి. రెండు చేతులనుకోండి. ఒక చెయ్యి కింద అంటుకుని ఉంటుంది, రక్తంలోని ప్రోటీనును అది పట్టుకుంటుంది. రెండో చేతికి దీపం కట్టి ఉంటుంది, అదే ప్రోటీనును పైనుంచి పట్టుకుంటుంది. పట్టు దొరకని దీపాలన్నీ కడిగితే పోతాయి. మిగిలిన వెలుతురును మెషీను కొలిచి అంకె చెబుతుంది. ఎంత వెలుతురుంటే అంత ప్రోటీను ఉన్నట్టు. కానీ ఆ చేతులు రెండూ జంతువుల ఒంట్లో తయారైనవి, ఒకటి ఎలుకలో, ఒకటి గొర్రెలో. కొందరి రక్తంలో ఆ జంతువుల మీద పగ పట్టిన యాంటీబాడీలు ఉంటాయి. అవి వచ్చి రెండు చేతులనూ కలిపి పట్టేసుకుంటాయి. మధ్యలో ప్రోటీను లేకపోయినా దీపం వెలుగుతుంది. అవి మరీ పెద్దవి, మూత్రంలోకి దిగవు. అందుకే కార్డు నిజం చెప్పింది.

"అట్లాంటి యాంటీబాడీ ఈమెకు ఎట్లొస్తాది?" అన్నాడు అవినాష్ సారు. "ఎలుకల ల్యాబులో పనిచేసేవాళ్ళకు వస్తాది. పశువుల డాక్టర్లకు వస్తాది. నిత్యం జంతువుల్లో చేతులు పెట్టేవాళ్ళకు వస్తాది. ఈమె ఎవురు?" కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు. "నువ్వే చదువు."

చదివాను. పేరు మహాదేవి. వయసు ఇరవై నాలుగు. ఆడ. వృత్తి: హౌస్‌వైఫ్.

ఆ గడి గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. మూడేళ్ళ కిందట కొత్త సాఫ్ట్‌వేరు పెట్టినప్పుడు, కౌంటరు దగ్గర క్యూ మెట్ల దాకా ఉండేది. పేరు, వయసు, వృత్తి అని ఒక్కొక్కటీ అడుగుతూ కూర్చుంటే పొద్దున రక్తాలు మధ్యాహ్నానికి గానీ తెమిలేవి కావు. ఆడ అని నొక్కగానే వృత్తి గడిలో హౌస్‌వైఫ్ అని దానంతట అదే పడేట్టు పెట్టించుకున్నాం. పెట్టించింది నేనే. క్యూ తొందరగా కదిలింది. అందరూ మెచ్చుకున్నారు. కల్లూరు మిర్చి గోదాముల్లో కాడలు తుంచే ఆడవాళ్ళు, బేతంచెర్ల క్వారీల్లో రాళ్ళు మోసేవాళ్ళు, పత్తికొండ మార్కెట్లో టమోటా గంపలు ఎత్తేవాళ్ళు, స్కూల్లో పాఠాలు చెప్పే పంతులమ్మలు, అందరూ మా కంప్యూటర్లో ఇంట్లో కూర్చున్నవాళ్ళే. నేను కూడా ఒకసారి నా రక్తం చూసుకుంటే నా కాగితం మీద కూడా హౌస్‌వైఫ్ అనే పడింది. నవ్వుకున్నాను. దిద్దలేదు.

కిట్టు పెట్టెలో ఒక కాగితం మడిచి వస్తుంది. జంతువులతో మెలిగేవాళ్ళ రక్తంతో జాగ్రత్త అని అందులో చీమ కాళ్ళంత అక్షరాలతో ఉంటుంది. దాన్ని మేం పెట్టెతోపాటు పారేస్తాం.

నేను ఫోన్ తీసి వీరభద్రకు కలిపాను. మహాదేవి మొగుడు అతను. సారుకు కూడా వినపడేట్టు స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టాను.

"వీరభద్రా, నేనప్పా, ల్యాబు శివజ్యోతిని. మీ గొర్లకు సూదులెవురేస్తారు?"

"ఇప్పుడా మాటెందుకక్కా?"

"పని ఉండాది, చెప్పప్పా."

"ఎవురేస్తారు, మహాదేవే ఏస్తాది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు కాడ నేర్చుకున్యాది. మాయే కాదక్కా, ఊర్లో అందరి గొర్లకూ ఆ యమ్మే. చెయ్యి తేలికంటారు. ఈత కష్టమైతే గూడా ఆ యమ్మినే పిల్చకపోతారు. మోచేతి దాంకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన పిల్లను గూడా సరిచేసి తీస్తాది."

"సూది ఎప్పుడన్నా తనకే గుచ్చుకున్యాదా?"

అటునుంచి చిన్నగా నవ్వాడు. రెండు నెలల్లో అతని నవ్వు వినడం అదే మొదలు. "శానాసార్లు. గొర్రె గమ్మునుంటాదా అక్కా? పోయినేడు గొర్లకు అమ్మవారొస్తే రెండు వేల గొర్లకు టీకాలేసె. చేతిలో గుచ్చుకోని బొటనేలు ఇంత లావు వాచె. అది సరేగానీ అక్కా, రేపటికి రక్తం రెండు బాటిళ్ళు కావల్లన్నారు. మా తమ్ముడొస్తాండాడు. వాని రక్తం సరిపోతాదంటావా?"

మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేశాను. రెండు వేల గొర్రెలు. మా కంప్యూటర్లో హౌస్‌వైఫ్.

అవినాష్ సారు తెరను మెల్లగా తన వైపు తిప్పేసుకున్నాడు. తప్పయిపోయిందని ఒక్క మాట అని ఉంటే, ఆయన తరఫున నేనే ఆస్పత్రికి పోయి కాళ్ళ మీద పడేదాన్ని. ఆ మాట వస్తుందనే నిలబడ్డాను.

"కూచో జ్యోతీ," అన్నాడు. నేను కూర్చోలేదు. "నిదానంగా ఆలోచించు. రెండు విడతలు మందు పోయిండాది ఆమెకు. మన రిపోర్టు చూసే ఇచ్చినారు. ఇప్పుడు పోయి మా అంకె తప్పమ్మా అంటే, ఆ మందుకు జవాబు ఎవురు చెప్పల్ల? ఆ నోటి పుండ్లకు ఎవురు చెప్పల్ల? నీ సంతకం గూడా ఉండాది, మర్చిపోవద్దు."

"మర్చిపోలేదు. అందుకే వచ్చినా."

"విను. ఆపరేషన్ కానీ. తీసిన గర్భసంచి బయాప్సీకి మన కాడికే వస్తాది. నేనే చూస్తా. అందులో ఏమీ ల్యాకపోతే, క్యాన్సర్ ల్యాదమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి అని చెప్తాం. వాళ్ళూ సంతోషపడ్తారు. ఎవురికీ ఇబ్బంది ల్యాదు."

ఈ మనిషి కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని, ఆ మాట అన్నాడు.

"తీసినాక చూస్తారా?" అన్నాను.

"అరవద్దు."

"ఉండాదో లేదో తీసినాక చూస్తారా సార్? ఇరవై నాలుగేండ్ల యమ్మి. మళ్ళీ లోపల పెట్టి కుట్టేకి అదేమన్నా జేబునా? సంతోషపడ్తారంట! గర్భసంచి పోగొట్టుకొని, ఏం రోగం ల్యాదని తెలిసి, మీకు దండం పెట్టి పోతారంట! మీకు నోరెట్లొచ్చింది సార్?"

"జ్యోతీ, గొంతు తగ్గించు."

"తగ్గించను. పదకొండేండ్లు తగ్గించే ఉన్నా. మీరు పెట్టమన్న ముద్ర పెట్టినా, చెయ్యమన్న సంతకం చేసినా. అదే నేను చేసిన తప్పు."

డ్రాయరు లాగి లెటర్‌హెడ్ కాగితం తీసి ఆయన ముందు పరిచాను. "హైదరాబాదులో వేరే కంపెనీ మెషీన్ ఉండే ల్యాబుకు ఈ రక్తం పంపండి. మూడు దినాల్లో తెలిసిపోతాది. అంతవరకు ఆపరేషన్ ఆపమని రెండు ముక్కలు రాయండి. మన రిపోర్టు మీద అనుమానముందని రాయండి చాలు, తప్పని గూడా రాయొద్దు."

ఆయన పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. కాగితం వైపు చూశాడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సాయంత్రం మాట్లాడదాం," అన్నాడు.

సాయంత్రమైతే మహాదేవికి తిండి మాన్పిస్తారు. పొద్దునయ్యేసరికి బల్ల మీద పడుకోబెడతారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కార్డులు, అంకెల కాగితం సంచిలో వేసుకుని బయటికి వచ్చాను. కౌంటరు దగ్గర అందరూ నన్ను చూసి తలలు దించుకున్నారు. నా ఆప్రాన్ అక్కడే కుర్చీ మీద పడేసి, ఆటో ఎక్కాను. రాజ్‌విహార్ దగ్గర బస్సు అడ్డం పడి ఆటో ఐదు నిమిషాలు ఆగిపోతే, డ్రైవరును కూడా తిట్టాను.

మూడో అంతస్తులో చిట్టచివరి గది. మహాదేవి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద ఆస్పత్రివాళ్ళ ఆకుపచ్చ గౌను, చేతికి సెలైన్ సూది. అత్త గంగక్క పక్కన కూర్చుని, పలచటి మజ్జిగ చెంచాతో నోట్లో పోస్తోంది. చెంచా తగిలినప్పుడల్లా పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంటోంది. వీరభద్ర కిటికీ దగ్గర నిలబడి తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

ఎట్లా మొదలుపెట్టాలో ఆటోలో ఎంత ఆలోచించినా తోచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "మహాదేవీ, మా పరీక్ష తప్పు. నీకు క్యాన్సర్ ఉందని చూపించింది ఆ అంకె ఒక్కటే, ఆ అంకె తప్పు. రేపు ఆపరేషన్ చేయించుకోవద్దు."

వీరభద్ర ఫోన్ పెట్టేసి దగ్గరికి వచ్చాడు. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక అతని మెడ నరాలు ఉబ్బాయి.

"మొన్న ఉండాదంటిరి. ఇప్పుడు ల్యాదంటారు. మేమేమన్నా మనుషులమా, మీ మందలో గొర్లమా? ఎట్ల తోల్తే అట్ల పోవల్లనా? ఆ మందు ఎక్కిస్తాంటే రాత్రీ పగలూ అరిచె ఈ యమ్మి. ఎవురు రాసిరి ఆ కాగితం? ఎవురు?"

"నేనేనప్పా. సంతకం నాదే."

కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే తీసుకునేదాన్ని. అతను చెయ్యి గోడకేసి కొట్టుకుని అటు తిరిగిపోయాడు.

"డాక్టరమ్మ చెప్పల్ల కదా యమ్మా," అంది గంగక్క బెదురుగా. "నువ్వు రక్తం తీసేదానివి. నీ మాట పట్టుకొని ఆపితే, రేపు యమ్మికి ఏమన్నా అయితే ఎట్ల?"

ఆమె అడిగింది న్యాయమే. దానికి నా దగ్గర కాగితం తప్ప మరేమీ లేదు. కార్డులు చూపించాను. అంకెలు చూపించాను. చేతులు, దీపాలు, గొర్రెలు, టీకాలు అన్నీ నాకు చేతనైనట్టు చెప్పాను. గంగక్కకు సగం కూడా ఎక్కలేదు. వీరభద్ర వినడం లేదు. మహాదేవి మాత్రం కళ్ళార్పకుండా వింది.

"టీకా ఏస్తే గొర్రె ఒంట్లో రోగం మీద కొట్లాడే బలం నిలబడ్తాది," అంది మెల్లగా, పెదాలు కదిలీ కదలకుండా. "గొర్రె నెత్తురంటిన సూది నాకు గుచ్చుకోని, నా ఒంట్లో గొర్రె మీద కొట్లాడే బలం నిలబడింది. అంతేనా అక్కా?"

"అంతే తల్లీ."

మా ల్యాబులో ఎవరికీ తట్టని సంగతి ఆమెకు ఒక్కసారి వింటే చాలింది. ఈ పిల్లకు మేం హౌస్‌వైఫ్ అని రాసుకున్నాం.

ఆమె తన చేతి వేళ్ళు చూసుకుంటూ అడిగింది. "శ్రావణంలో చూసింది గూడా ఈ మెషీన్లోనేనా?"

"ఈ మెషీన్లోనే."

"కడుపొచ్చిందని చెప్పింది గూడా ఇదే అంకెనా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలిసి ఉండాలి. పదకొండేళ్ళ అనుభవం నాది. పొద్దుననుంచీ క్యాన్సరు గురించి, ఆపరేషన్ గురించి, సంతకాల గురించి ఆలోచించాను గానీ, దీని గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు.

"అదే అంకె," అన్నాను.

"అయితే బిడ్డ?"

"బిడ్డ పడలేదు మహాదేవీ. నెల తప్పింది వేరే దేనికో అయ్యుంటాది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గంగక్క చేతిలో మజ్జిగ గ్లాసు పక్కకు ఒరిగి దుప్పటి మీద పడింది. "గొర్లలో పడి తిరిగి బిడ్డను పోగొట్టితివి అని మూడు నెలల్నుంచీ తిడ్తాండా కదే," అంది ఆమె. "గొర్లను తోలే రొప్పంలోకి అడుగు పెట్టొద్దంటి కదే. నీ చేత్తో తీసిన పిల్లలను గూడా ముట్టుకోనీకపోతి కదే, యమ్మీ."

మహాదేవి ఆమె వైపు చూడలేదు. సెలైన్ సూది మీద అంటించిన పట్టీ ఒక కొసన లేపి, ఒక్క గుంజుతో పీకేసింది. గొర్రెలకు అన్ని వేల సూదులు వేసిన చెయ్యి, తడబడలేదు. కారుతున్న రక్తాన్ని దుప్పటితో అదిమిపట్టి, మంచం దిగి నిలబడింది.

"నా చీర ఇయ్యి," అంది మొగుడితో. "ఆపరేషన్‌కు నేను రాను."

అప్పుడే రౌండ్లకు వచ్చిన డాక్టర్ సాహితి తలుపు దగ్గర ఆగింది. శ్రావణంలో మహాదేవికి గర్భసంచి కడిగింది ఆమే, రేపు ఆపరేషన్ చేయాల్సిందీ ఆమే. నేలమీద రక్తపు చుక్కలు, నన్ను, నా చేతిలో కాగితాన్ని వరసగా చూసింది. "ఏం జరుగుతాంది ఇక్కడ?" అంది.

మహాదేవి అత్త వైపు తిరిగింది.

"అత్తా, కడిగిన పొద్దు నీ చేతికి గుడ్డలో ఒకటి కట్టిచ్చిరి కదా."

గంగక్క తల ఊపింది. "ఈ డాక్టరమ్మే ఇప్పిచ్చె. మూడు నెలల పిండమమ్మా, తీస్కపోయి పూడ్చుకోండి అనె. మన చేను గట్టున గుంత తీసి పెట్టి, పాలు పోసి వస్తి."

కడిగినప్పుడు వచ్చింది ఏదైనా సరే సీసాలో వేసి బయాప్సీకి మా ల్యాబుకు పంపాలి. సీసాలు రాసి తీసుకునేది నేనే. మహాదేవి పేరుతో శ్రావణంలో ఏ సీసా రాలేదు. స్కానింగులో ఖాళీ అని తేలిన కడుపులోంచి మూడు నెలల పిండం ఎట్లా వస్తుంది?

మహాదేవి రెండు అడుగులు వేసి డాక్టరమ్మ ఎదురుగా నిలబడింది. పుండ్లు పడిన నోటితోనే, ఒక్కొక్క మాట విడివిడిగా అడిగింది.

"నా కడుపులో బిడ్డే ల్యాకపోతే, మా అత్త పూడ్చిపెట్టింది ఎవురి బిడ్డను డాక్టరమ్మా?"

డాక్టర్ సాహితి వెనకాల ఉన్న నర్సును బయటికి పొమ్మంది. తర్వాత లోపలికి వచ్చి, తలుపు గడియ పెట్టింది.